వాగుని వెనక్కి రమ్మన్న పటాల ఆఫీసు

ఒక పెద్ద అడవిలో, అంటే సింహం కూడా దారి తప్పిపోయేంత పెద్ద అడవిలో, పటాల ఆఫీసు ఒకటుండేది. దానికి డైరెక్టరు ఎలుగుబంటి భల్లూకరావు. పనా? ఏం లేదు! గోడకి తాతల కాలంలో గీసిన అడవి పటం, దాని కింద కుర్చీ, కుర్చీలో ఈయన, చేతిలో తేనెపట్టు. లైఫంటే అదీ!

ఒకరోజు సింహం ఆ పటం చూసుకుని నీళ్లకెళ్లింది. పటంలో వాగున్న చోట వాగు లేదు, తుమ్మముళ్లున్నాయి. మూతినిండా ముళ్లతో వచ్చి పడింది.

"ఏవయ్యా, వాగేదీ?"

"పటంలో ఉంది కదా మహారాజా!"

"నన్ను పటం తాగమంటావా? పున్నమికల్లా పటం, అడవి ఒకేలా ఉండాలి. లేకపోతే ఆ కుర్చీలో కోతి కూర్చుంటుంది!"

కోతి అనగానే ఎలుగుకి తేనె కూడా చేదెక్కింది.

సర్వేయరు గద్ద చుక్కమ్మ పరిగెత్తుకొచ్చింది. "టెన్షనెందుకు సార్? అలా పైకెళ్లి రౌండేసొస్తా. వాగు ఎటు జరిగిందో గీసిచ్చేస్తా."

"ఎగరడానికి పర్మిషనుందా?"

"గద్దని సార్ నేను!"

"అయితే? పైనుంచి రాజుగారి గుహ కనిపించదూ? సెక్యూరిటీ! కళ్లు మూసుకుని ఎగురుతానంటే ఫైలు పెడతా. పైగా కొత్త పటం పాసవ్వాలంటే పాత పటంతో సరిపోవాలి. రూలు."

"సరిపోతే ఇంక కొత్తదెందుకు సార్?"

"అందుకే కదమ్మా ఇన్నాళ్లూ గీయలేదు!"

అంతలో ఎలుగు బుర్రలో లైటు వెలిగింది. ఒకేలా ఉండాలన్నారు గానీ, ఏది మార్చాలో చెప్పలేదుగా! పటం ముట్టుకుంటే కమిటీలు, సంతకాలు. అడవిని ముట్టుకుంటే? ఏ రూలూ లేదు!

వెంటనే ఏనుగుల మేస్త్రీ గుంపయ్యని పిలిచాడు. "వాగుని పటంలో ఉన్న చోటికి తీసుకురా!"

గుంపయ్య తల గోక్కున్నాడు. "అది దానంతటదే అటు పోయింది కద సారూ, రమ్మంటే వస్తదా?"

"కాలవ తవ్వు, ఎందుకు రాదో చూస్తా!"

ఇంక చూస్కోండి! ఏనుగులు దంతాలతో తవ్వడం, తొండాలతో మట్టెత్తడం. పటంలో లేని చెట్లు పీకేశాయి. పటంలో లేదని కుందేళ్ల కాలనీ కూడా ఖాళీ చేయించాయి.

"మేం పుట్టిందే ఇక్కడ సార్!" అని కుందేళ్లు లబోదిబోమన్నాయి.

"పటంలో పుట్టలేదుగా!" అన్నాడు ఎలుగు.

పున్నమి రానే వచ్చింది. సింహం గట్టు మీద నిలబడింది. ఎలుగు మాత్రం ఆఫీసు గుమ్మంలోకే కుర్చీ జరిపించుకుని, దర్జాగా కూర్చుని చెయ్యి ఊపాడు, కాలవ మొదట్లో ఏనుగులు వదిలిన అడ్డుకట్ట తెంచమని.

"సార్, ఒక్క మాట, మన ఆఫీసు..." అంది చుక్కమ్మ.

"నోర్మూసుకో! పటం చూడు, పటం!"

కట్ట తెగింది. అబ్బ, ఏం ఊపు! నీళ్లు గీత మీద గీత పడ్డట్టు పాత దారిలోనే ఉరికాయి. ఎలుగు ఎగిరెగిరి చప్పట్లు! మలుపు తిరిగాయి. ఇంకా చప్పట్లే! తిన్నగా ఆఫీసు మీదకొచ్చేశాయి.

అవును మరి, పటం గీసినప్పటికి ఆఫీసు లేదు. తర్వాతెప్పుడో, ఎండిపోయిన పాత వాగులోనే కట్టారు.

గోడ పోయింది, పటం పోయింది, కుర్చీ పోయింది, కుర్చీ పట్టుకుని ఎలుగూ పోయాడు.

"ఎక్కడున్నావయ్యా?" గట్టు మీంచి సింహం కేకేసింది.

నీళ్లలోంచి వినిపించింది: "పటంలో చూడండి మహారాజా!"

నీతి: పటం తప్పని తేలితే అడవినే దిద్దండి, ఏం పర్లేదు, ఆఫీసు మాత్రం గుట్ట మీద కట్టుకోండి.