జెరాక్స్ వదిన, మూడు చుక్కల వ్యూహం

ఎదురు మేడ మీది నీళ్ల ట్యాంకును సూర్యభగవానుడు అతికష్టం మీద దాటి, వీధిలోని షట్టర్లన్నీ కరకరధ్వానాలతో పైకి లేచి, తొమ్మిది గంటల నలభై నిమిషాలైన మహోగ్రముహూర్తాన, ఆరడుగుల దుకాణరణాంగణంలో, పత్రసహస్రప్రసవిత్రి, స్టేప్లరాయుధపాణి, సిరాకళంకితకరాంబుజ అయిన మన జెరాక్స్ వదిన కంప్యూటరు ముందు కొలువుతీరింది.

ఎదుట ఒక నర్సమ్మ, ముఖాన చెమట. వీధి చివర పరీక్ష హాలు గేటు పదింటికి మూసేస్తారు. చేతిలో హాల్ టికెట్టు లేదు.

"ఒక్క పేజీ అక్కా! రెండేళ్లు చదివాను దీనికోసం."

"అర నిమిషం పని తల్లీ," అని వదిన అభయమిచ్చింది.

వదిన బొత్తాల పేర్లు ఏనాడూ చదివి ఎరుగదు. బొత్తాం ఎక్కడుంటే అక్కడ తెర అద్దం మీద ఎర్రకాగితపు బాణం అతికించడం, బాణం మొనకు గురిపెట్టి నొక్కడం, ఇదీ ఆమె యుద్ధవిద్య. కానీ అయ్యో, తెల్లవారేసరికి ఆ మాయావి బ్రౌజరు అప్‌డేటై, సకలాంగాలూ స్థానభ్రంశం చెంది, నున్నగా ముస్తాబై కూర్చుంది! ప్రింటు బాణం దగ్గర నొక్కితే పేజీ ఏనుగంత ఉబ్బింది. మళ్లీ నొక్కితే తెర కారుమబ్బులా నల్లబడింది.

అంతట కోపారుణనేత్రయై, గల్లాపెట్టె అదిరేట్టు చరిచి, వదిన గర్జించింది:

"ఓసి వేషాలమారీ! నిన్నెవరే సింగారించుకోమన్నది? నీ గుండ్రటి మూలలు ఎవడిక్కావాలి? నా ప్రింటు ఎక్కడ పాతిపెట్టావో చెప్పు!"

బైండింగు చేస్తున్న మరిది కిసుక్కున నవ్వాడు. "అదేమైనా మా అన్నయ్య అనుకున్నావా వదినా, అరిస్తే పలకడానికి?"

"మీ అన్న మాత్రం ఒక్క అరుపుకి ఎప్పుడు పలికాడు?"

గడియారం పదికి తొమ్మిది నిమిషాలు తక్కువ చూపింది. నర్సమ్మ కళ్లు నిండాయి. ఆ కన్నీటిని చూసి కాలరుద్రరూపం దాల్చిన వదిన, వజ్రసన్నిభమైన బొటనవేలి గోటితో ఆ బాణాన్నే సమూలంగా పెరికిపారేసింది. దాని కింద, గుహలో నక్కిన ముగ్గురు రాక్షసుల్లా, మూడు చుక్కలు!

"దొరికారు దొంగలు! నా బాణం కిందే నక్కారు!"

"అతికించిందెవరో!"

"నోర్మూసుకుని కాగితం పెట్టు."

చుక్కలు నొక్కగా గుహ తలుపులా మెనూ తెరుచుకుంది, దాని లోపల ప్రింటు దొరికింది. యంత్రం సింహనాదం చేసింది. వేడి కాగితం అందుకుని నర్సమ్మ వాయువేగాన దూసుకుపోగా, మరిది గుమ్మమెక్కి చూసి కేకేశాడు. "వెళ్లిపోయింది వదినా! చెప్పు ఒకటి రోడ్డు మీదుంది, మనిషి మాత్రం గేటు లోపలే!"

సరిగ్గా అప్పుడే శత్రువు సిగ్గులేకుండా తెర మధ్యన ప్రత్యక్షమై అడిగింది: "మా కొత్త రూపం ఎలా ఉంది? నక్షత్రాలివ్వండి."

దీన్ని మాత్రం వదిన అక్షరమక్షరం చదివింది. కొంగు దోపి, మౌసు ఎత్తి, దిక్కులు పిక్కటిల్లేట్టు టక్కున నొక్కింది.

ముల్లోకవాసులారా, వినండి! అయిదుకి ఒక్కటే ఇచ్చింది!