మా వసంతం ఎదురింటి అవుట్‌డోర్‌లోంచి వస్తుంది

అమీర్‌పేటలో వసంతం వచ్చిందని చెప్పేది కోయిల కాదు, ఏసీ మెకానిక్!

ఉగాదికి ముందే అతను బండి వెనక నీళ్ల పంపు కట్టుకుని మా సందులోకి దిగుతాడు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల బోర్డుల మీద ‘ఏసీ రూములు’ అన్న అక్షరాలకు రంగు పడుతుంది. పంజాగుట్ట షోరూముల ముందు బెలూన్లు వేలాడతాయి. రుతువు మారిందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

కోయిల మీద నాకు కోపం లేదు. కానీ దానికి చెట్టు కావాలి. గోడకు తగిలించే ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కు రెండు బోల్టులు చాలు.

మా ఇల్లు రెండో అంతస్తు. ఎదురు బిల్డింగుకూ మాకూ మధ్య ఎంత దూరమంటే, వాళ్లింట్లో పిల్ల తుమ్మితే మా ఇంట్లోంచి ‘చిరంజీవ’ అంటాం. ఆ ఇంటాయన రాఘవేందర్. రెండేళ్ల కిందట ఆయన ఏసీ పెట్టించాడు. చల్లదనం ఆయన హాల్లోకి, మిగతాది మా బాల్కనీలోకి.

మిగతాది అని తీసిపారేయకండి. బంజారా హిల్స్‌లో జనం వేడిగదిలో కూర్చుని చెమట పట్టించుకోవడానికి అపాయింట్‌మెంట్ తీసుకుంటారట. మేం బాల్కనీ తలుపు తీస్తే చాలు! ఇడ్లీ పిండి కళ్లముందే పొంగుతుంది. తువ్వాలు ఆరేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతుంది. చుట్టాలు కాఫీ తాగీ తాగకుండానే లేస్తారు. ఆ యూనిట్ చప్పుడుకు టీవీలో చర్చలు వినపడవు. ఇంతకంటే ఆరోగ్యం ఏముంది?

మొదటి ఏడాది నాకింత జ్ఞానం లేదు. ఫిర్యాదు చేద్దామని ఎదురింటికి వెళ్లాను.

“అరె, రాండ్రి అన్నా! గింత దూరమొచ్చి ఛాయ్ తాగకుంట పోతరా? కూసోండ్రి.”

కూర్చున్నాను. ఛాయ్ తాగాను. ఉస్మానియా బిస్కెట్ తిన్నాను. “ఏమన్న తకలీఫా అన్నా?” అని ఆయనే అడిగాడు. ఛాయ్ తాగిన నోటితో ఏం చెప్పను? “అబ్బే, ఊరికే వచ్చా” అన్నాను.

“చెప్పారా?” అంది మా ఆవిడ కమలకుమారి.

“ఛాయ్ బాగుంది” అన్నాను.

ఆవిడ లేచి, బాల్కనీలో వేసుకునే కుర్చీని పడకగది కిటికీ దగ్గరికి మార్చుకుంది. ఇంట్లో గాలి వచ్చేది ఇక అక్కడొక్కచోటే. సాయంత్రాలు అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటుంది.

వసంతం ఇచ్చిన అసలు వరం వడియాలు. మా మేడ మీద షెడ్డు వేసి హాస్టల్‌కిచ్చారు. గుడ్డ పరవడానికి జాగా లేదు. నిరుడు ఆవిడ పిండి ఉడికించి, బాల్కనీలో అవుట్‌డోర్‌కు ఎదురుగా పరిచింది. పొద్దున పెట్టినవి సాయంత్రానికి గలగలలాడాయి. కాకి బెడద లేదు, మబ్బు భయం లేదు. రాఘవేందర్ ఊరెళ్లి ఏసీ ఆపిన రోజు మాత్రం వడియాలు తడితడిగా ఉండిపోయాయి. “ఏంటండీ ఈయన, చెప్పకుండా వెళ్లిపోయాడు!” అని విసుక్కుంది. ఇంతటి మతసామరస్యం, సారీ, గోడసామరస్యం ఇంకెక్కడుంది?

వాటిలో ఒక డబ్బా, మీ ఏసీ చలవేనని చెప్పి, ఎదురింటికి పంపాం. అక్కడే పొరపాటు జరిగింది.

మొన్న రాఘవేందర్ తన కిటికీలోంచే పలకరించాడు. “వదినా, వడియాలు మస్తున్నయ్! మీకు నా ఏసీ గింత పనికొస్తదని నాకేమెరుక? ఇంకోటి తెస్తున్న. దాని అవుట్‌డోర్ మీ పడకగది కిటికీ దిక్కు పెట్టిస్త. మిరపకాయలు సుత ఎండుతయ్. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి!”

కమలకుమారి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. నా వైపు చూసింది.

“ఈసారైనా చెప్తారా?”

వెళ్లాను. ఛాయ్ బాగుంది.

అందుకే పాఠకులారా, అవుట్‌డోర్ యూనిట్ గొప్పతనం గురించి మీకింత వివరంగా రాయాల్సివచ్చింది. మీలో చాలామందికి ఇది అనవసరమని తెలుసు. కానీ రాఘవేందర్ ఈ పేపరు రోజూ చదువుతాడు, ఈ పేజీతో సహా. మెకానిక్ వచ్చేది ఆదివారం.