నిమ్మకాయలు నలిగిన శుభవేళ

హిందూపురం సభలో మంత్రిగారు ఒక చారిత్రక ప్రకటన చేశారు. పేద యువతీ యువకులందరికీ డ్రైవింగ్ ఉచితంగా నేర్పిస్తారట. "మీ బతుకు స్టీరింగు మీ చేతికే ఇస్తున్నా!" అన్నారు. చప్పట్లు కొట్టీ కొట్టీ నా చేతులు వాచాయి. పెనుకొండలో జిరాక్స్ షాపు పెట్టుకుని బతికే నాలాంటివాడికి ఇలాంటి నాయకుడు దొరకడం పూర్వజన్మ సుకృతం. దరఖాస్తు ఫారాలే ఆరొందలు తీశాను.

మొదటి ఫారం మా వీధి రేష్మది. వాళ్ళమ్మ రహమత్‌బీ ఇడ్లీ బండి మీద ఆరు వేలు మిగిల్చి కూతుర్ని డ్రైవింగ్ స్కూల్లో చేర్చడం జరిగే పని కాదు. ధర్మవరంలో ఒక ఆడపిల్లల హాస్టలు వ్యాను నడపడానికి ఆడమనిషే కావాలట. ఒకటో తేదీకల్లా లైసెన్సు తెస్తే ఆ ఉద్యోగం రేష్మదే.

పథకానికి కారు వచ్చింది. ఒక్కటే. బంతిపూల దండలు వేసి, నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టారు. వాటిని తొక్కించి బండిని కదిలించాల్సింది మంత్రిగారే. ఆయనకేమో డ్రైవింగ్ రాదు. ముప్పై ఏళ్ళుగా వెనక సీట్లో కూర్చుని ప్రజాసేవ చేసిన మనిషికి ఎలా వస్తుంది, పాపం!

ప్రాజెక్టు ఆఫీసరు వేణుగారు క్షణంలో దారి కనిపెట్టారు. ముందు మంత్రిగారే నేర్చుకుంటారు. పథకం కార్లో, పథకం పెట్రోలుతో, పిల్లలకు నేర్పడానికి పెట్టుకున్న పుల్లన్న దగ్గర.

"మరి మేమెప్పుడు నేర్చుకోల్ల సార్?" అంది రేష్మ.

"ప్రారంభం కాని బండిని ఎలా ముట్టుకుంటావమ్మా?"

"మంత్రి సారు నడుపుతాండాడు కదా?"

"అది రిహార్సల్."

రోజూ పొద్దున నిమ్మకాయలు తీసి పళ్ళెంలో పెట్టేవారు. మంత్రిగారు మా ఊరి మైదానంలో రెండు గంటలు తిప్పాక, బండిని మళ్ళీ అదే చోట నిలిపి నిమ్మకాయలు చక్రాల ముందు సర్దేవారు. ఏం నిష్ఠ, ఏం నిష్ఠ! బండి ఆగిపోయినప్పుడల్లా దరఖాస్తుదారులే తోసేవారు. తోయడం ముట్టుకోవడం కిందికి రాదని వేణుగారు రాతపూర్వకంగా ఆర్డరిచ్చారు. దాని జిరాక్సులూ నేనే తీశాను.

"ఏం పాపా, ఏమన్నా వచ్చిందా?" అని ఒకరోజు అడిగాను.

"తోసేది బాగా వచ్చిందన్నా. తారీకే దగ్గరికొస్తాండాది," అంది.

నాకు మనసు చివుక్కుమంది. మంత్రిగారు రెండో గేరు దాకా వచ్చారని గుర్తు తెచ్చుకుని సర్దుకున్నాను.

ఇరవై నాలుగో తేదీన ధర్మవరంలో ప్రారంభోత్సవం. ప్రారంభం కాని బండి కాబట్టి దాన్నీ, తోసేవాళ్ళనీ లారీల్లో తీసుకుపోయారు. మేళతాళాలు, డ్రోన్ కెమెరా. పుల్లన్నకు పాసు లేదని పోలీసులు గేటు దగ్గరే ఆపేశారు. మంత్రిగారు తాళం తిప్పారు. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగింది. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ ఆగింది. నిమ్మకాయలు చెక్కుచెదరలేదు. తోయడానికి వెనక నిలబడ్డ రేష్మ ఇక ఉండబట్టలేక కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

"క్లచ్చి మెల్లగా ఇడ్సండి సార్! మెల్లగా!"

పుల్లన్న రోజూ అరిచే మాటే అది. నాలుగు నిమ్మకాయలూ నలిగాయి. ధర్మవరం ఈలలతో దద్దరిల్లింది.

మరునాడు పేపర్లో ఫోటో వచ్చింది. స్టీరింగు పట్టుకుని మంత్రిగారు, కిటికీలోకి వంగి రేష్మ. కింద ఇలా ఉంది: "పేద యువతికి స్వయంగా డ్రైవింగ్ నేర్పిస్తున్న మంత్రి."

నాలుగు రోజులకు మొదటి బ్యాచ్ జాబితా అంటించారు. అందులో రేష్మ పేరు లేదు. ఆఫీసుకు పోయి అడిగి, ఆ పేపరు పట్టుకుని నా షాపుకొచ్చింది.

"నాకు నేర్పించేసినారంటన్నా. రెండోసారి నేర్పరంట."

"నీకు రాదని చెప్పకపోయినావా?"

"చెప్పినా. రాదని సర్టిఫికెట్ తెమ్మంటాండారు."

"అదెవురియ్యల్లంట?"

"నేర్పినాయనే."

నేను వెంటనే ఫోన్లు చేశాను. మంత్రిగారు పుల్లన్నను పక్కన కూర్చోబెట్టుకుని, పథకం కారు తానే నడుపుకుంటూ అమరాపురం వైపు పర్యటనకు పోయారట. మూడో తేదీకి గానీ రారట.