తొలగించదగిన మెరుపు జ్ఞాపకశక్తి

“మన ప్రభుత్వంలో ఇక నెమ్మది అనే మాట వినపడకూడదు!” అని మంత్రిగారు మైకులో శాసించారు. ఆ రోజు జనన మరణాల నమోదు ఆఫీసులో కంప్యూటరు తెరుచుకోవడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. కాబట్టి ఆ చారిత్రక ప్రకటన అక్కడికి కాస్త ఆలస్యంగా చేరింది.

వెనకాలే ఇంగ్లీషులో సర్క్యులరొచ్చింది. ఆఫీసరుగారికి మాతృభాష మీద మమకారం మెండు. రెండు రోజులు తలుపేసుకుని స్వయంగా అనువదించారు: “నెమ్మదిగా నడుచు ప్రతి వ్యవస్థకును తొలగించదగిన మెరుపు జ్ఞాపకశక్తిని అమర్చవలెను.”

“మెరుపు జ్ఞాపకశక్తంటే మన ఆపరేటరు అక్కదే సార్,” అన్నాడు హెడ్ క్లర్కు. “ఎవరి పుట్టుక ఏ పేజీలో ఉందో చూడకుండా చెప్తుంది.”

“మరి తొలగించదగినదేనా?”

“టెంపరరీ సార్. పదకొండేళ్లుగా తొలగించదగినదే.”

ఆఫీసరుగారి కళ్లు చెమర్చాయి. ఒక నిబంధన ఒక మనిషికి ఇంత చక్కగా అతకడం ఆయన తన సర్వీసులో చూడలేదు.

ఆఫీసంతా కంప్యూటరక్క అని పిలిచే ఆ ఆపరేటరుకు ఈ లోకంలో ఉన్నది ఒకే కోరిక, పర్మనెంటు కావడం. ఏటా కాంట్రాక్టు పొడిగించే నెల వచ్చిందంటే ఆమెకు అన్నం సయించదు. అత్తగారు గుమ్మంలోనే ఎదురై “అయ్యిందా అమ్మాయ్?” అని అడుగుతుంది. కాలేదని చెప్పీ చెప్పీ ఆమెకు నోరు నొప్పెట్టింది.

అమర్చే కార్యక్రమానికి మంత్రిగారే విచ్చేశారు. అక్క కుర్చీని కంప్యూటరుకు కుడివైపు జరిపి, రెంటికీ కలిపి ఎర్ర రిబ్బను కట్టారు. మంత్రిగారు కత్తెర ఎత్తగానే ఆఫీసరుగారు చెవిలో, “కోస్తే కనెక్షను పోతుందండీ,” అన్నారు. మంత్రిగారు వెంటనే అర్థం చేసుకుని మరో ముడి వేశారు. చప్పట్లు మోగాయి.

“ఏదీ, నా పుట్టిన సంవత్సరం చెప్పు చూద్దాం,” అన్నారాయన అక్కతో.

“నామినేషన్లో వేసిందా, రిజిస్టర్లో ఉన్నదా సార్?”

“జ్ఞాపకశక్తి కాస్త ఎక్కువ పెట్టినట్టున్నారు,” అన్నారు మంత్రిగారు ఆఫీసరు వంక చూసి.

స్పీడు మాత్రం నిజంగానే పెరిగింది. వీధి మలుపు దాకా ఉన్న క్యూ భోజనాల వేళకు ఖాళీ అయింది. అక్క పేజీ నంబరు చెప్పడం, క్లర్కు రిజిస్టరు తీసి రాసివ్వడం. కంప్యూటరు ఇంకా తెరుచుకుంటూనే ఉంది.

అక్క ధైర్యం కూడగట్టుకుంది. “సార్, ఈసారైనా నన్ను పర్మనెంట్ చేయించండి.”

“చేసెయ్యండయ్యా!” అన్నారు మంత్రిగారు ఉదారంగా.

ఆఫీసరుగారు హడలిపోయారు. “చేస్తే తొలగించదగినది కాకుండా పోతుందండీ. అప్పుడు ఇక్కడ అమర్చడానికి రూలొప్పుకోదు. తొలగించాలి.”

మంత్రిగారి మనసు కరిగింది. “పాపం, తొలగించకండి. ఇలాగే ఉండనివ్వండి.”

“థాంక్స్ చెప్పమ్మా,” అన్నారు ఆఫీసరుగారు. అక్కకు ఒళ్లు మండిపోయింది. థాంక్స్ చెప్పింది.

“మంత్రే వచ్చాడటగా, అయ్యిందా అమ్మాయ్?” అంది అత్తగారు ఆ సాయంత్రం.

“తీసెయ్యడానికి వీలుగా ఉన్నాను కాబట్టి ఉంచారట అత్తయ్యా.”

అత్తగారు నీళ్ల చెంబు అందించింది. “ముందు కాళ్లు కడుక్కో,” అంది.

మూడు వారాల తర్వాత పై ఆఫీసు నుంచి పార్శిల్ వచ్చింది. లోపల బొటనవేలంత మెమరీ స్టిక్కు, దాని మీద ఇంగ్లీషులో ‘రిమూవబుల్ ఫ్లాష్ మెమరీ’ అని. కంప్యూటరుకు గుచ్చితే వేగం పెరుగునని చీటీ.

“గుచ్చెయ్యనా సార్?” అన్నాడు హెడ్ క్లర్కు.

“ఆగవయ్యా! ప్రభుత్వ వస్తువు. ముందు స్టాకు రిజిస్టర్లో ఎక్కించాలి. వాడితే అయిపోయేదా, మన్నేదా?”

“మన్నేదే సార్.”

“అయితే పర్మనెంటు.”

స్టిక్కు ఆఫీసుకొచ్చి అప్పటికి నలభై నిమిషాలు. పర్మనెంటైంది కనుక దాన్ని ఇక తొలగించడం కుదరదు. తొలగించదగినది కాదు కనుక కంప్యూటరుకు గుచ్చడమూ కుదరదు. బీరువా పై అరలో వెల్వెట్ గుడ్డ పరిచి పడుకోబెట్టి తాళం వేశారు. దాన్ని పర్మనెంటు చేస్తూ ఆర్డరు టైపు చెయ్యడానికి అక్కను పిలిచారు.

ఆమె మీటల మీద వేళ్లుంచింది. కళ్లలో నీళ్లు తిరిగి అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

ఆఫీసరుగారు కంగారుగా దగ్గరికొచ్చారు. “జాగ్రత్తమ్మా! ఒక్క తప్పు పడినా దాని సర్వీసు దెబ్బతింటుంది.”