బస్తా పైపొర

పొద్దున్నే ఆసుపత్రిలో ఒక చిన్న సీసా, ఒక దూది పుల్ల ఇచ్చేసి పదింటికల్లా కొట్టు తెరవాలని బియ్యం వ్యాపారి అనుకున్నాడు. సీసాలోకి భార్య చనుబాలు, పుల్లకు ఆమె బుగ్గ లోపలి ఎంగిలి కావాలి. పసివాళ్ల జలుబుల్లో తల్లిపాల పాత్రెంత, తల్లి నుంచి వచ్చే వంశపు గుణాల పాత్రెంత అని డాక్టరమ్మ పరిశోధిస్తోంది. వాళ్ల ఐదు నెలల పాపకు ఇది మూడో జలుబు.

"నీ పాలు పలచన. డబ్బా పాలు పట్టమంటే వినవు," అంది అత్తగారు.

"డాక్టరమ్మను చెప్పనివ్వండి అత్తయ్యా. నా పాలదే తప్పంటే నేనే మానేస్తా," అంది కోడలు, తనకూ అంటుకున్న జలుబుకి ముక్కు తుడుచుకుంటూ. సీసా నింపి, పాప పక్కనే నిద్రపోయింది.

వ్యాపారి పుల్ల పట్టుకుని ఆలోచించాడు. జలుబు చేసిన నోటి నమూనా పంపడమంటే నూకలు పైన పోసి బేరానికి కూర్చోవడమే. ఇంట్లో తుమ్మంటే ఎరగని నోరు ఒక్కటే ఉంది.

"అమ్మా, నోరు తెరువు. పన్ను సలుపుతోందన్నావుగా, చూస్తా."

"ఇన్నాళ్లకి గుర్తొచ్చిందా నాయనా," అని ఆమె మురిసిపోయి నోరు తెరిచింది. భార్యకేమో, నిద్రలో ఉండగానే తీశానని చెప్పాడు.

వారం తర్వాత నర్సు ఫోన్ చేసింది. భార్యే తీసింది. "పాలు ఒకావిడవి, ఎంగిలి ఇంకో ఆవిడదండీ."

"ఎవరండీ ఆవిడ?" అని ఆమె భర్తను నిలదీసింది. అతను కొట్టు తాళాలు వెతుక్కున్నాడు.

"బంగారంలాంటి కోడలుండగా ఇదేం బుద్ధిరా?" అని తల్లి చెప్పులేసుకుంది. "పదండి, అక్కడే తేలుద్దాం."

డాక్టరమ్మ గదిలో అడుగుపెడుతూనే అత్తగారు అడిగింది. "ఎవరమ్మా అది? నా ఎదటికి పిలవండి."

"నువ్వేనమ్మా," అన్నాడు కొడుకు నేల చూస్తూ. "పన్ను చూసిన రోజు. ఇంట్లో మేలురకం నీదే కదా అని."

"మేలురకంతో మాకు పని లేదు, ఉన్నది ఉన్నట్టు కావాలి," అంది డాక్టరమ్మ. తర్వాత కుతూహలంగా పెద్దావిడ వైపు తిరిగింది. "ఈయనకి పసితనంలో జలుబొచ్చేదా?"

"రాని నెల లేదు."

"ఏ పాలు పట్టారు?"

"నావే, ఏడాదిన్నర. పలచనని మా అత్తగారు సతాయించినా, చచ్చినా మానలేదు..." అని ఆమె మధ్యలోనే ఆగిపోయింది. కోడలు పాప టోపీ సర్దుతూ నవ్వు దాచుకుంది.

"మా లెక్క తేలడానికి చాలా కాలం పడుతుంది," అంది డాక్టరమ్మ. "ఒక పాప జలుబును బట్టి పాలకు తీర్పు చెప్పలేం. పాలు మాత్రం మానొద్దు."

"నేను మొదట్నుంచీ అదే అంటున్నా," అంది అత్తగారు.

ఈసారి పుల్లను నర్సే కోడలి నోట్లో తిప్పింది. మధ్యాహ్నం కొట్లో వ్యాపారి బియ్యం నమూనాను బస్తా అడుగు నుంచి తీశాడు. కొనవచ్చినవాడు అనుమానంగా చూసి, పైపొర కూడా చూపించమన్నాడు.