కంప్యూటరు నత్తనడక భంజనము

శ్రీశైలమునకు ఈశాన్యమున, కృష్ణానదికి దక్షిణమున, శుక్ల నామ సంవత్సర జ్యేష్ఠ మాసమున, మిరప కల్లములను ఎండబెట్టు పని ముగించిన సూర్యభగవానుడు ఇక మనుష్యులను ఎండబెట్టుటకు పూనుకొనిన దినములలో, నరసరావుపేట పట్టణమున, విత్తనాల కొట్టు వారి ఇంట, వీధి గదిలో ఒక మహాసంగ్రామము సంభవించెను. ఆలకింపుడు. చంటిబిడ్డలు గలవారు వారిని ఒడిలో వేసికొనియే ఆలకింపుడు; కథ మధ్యలో ఊయల కడకు పరుగెత్తుట కష్టము.

ఆ గదిలో, గుంటూరు నుండి లారీలో మిరపకాయల టిక్కీ బస్తాల నడుమ తుమ్ములు తెప్పించుచు ఊరేగి వచ్చినదియు, నుదుట పసుపుకుంకుమలు దాల్చినదియు, రాత్రివేళ జరీ అంచు పాత పట్టుచీర కప్పుకొని పవళించునదియు అగు కంప్యూటరు కొలువుదీరియుండెను. అది ఇంటిల్లిపాదికి ఉమ్మడి సొత్తు. దానిని ప్రతిదినము మేల్కొలుపువాడు ఆ ఇంటి పెద్దకుమారుడు నాగభూషణరావు. పాతకాలపు రేడియో వలె అదియు బాగుగా కాగిన పిమ్మటనే పలుకునని ఆయన నమ్మకము. కావున తెల్లవారగనే మీట నొక్కి, దానిని కాగుటకు విడిచి, కొట్టునకు పోవును. సందెవేళ తిరిగివచ్చి దానిపై పని చూచుకొనును. నడుమ మధ్యాహ్నపు గంట మాత్రము చిన్నకోడలు కృష్ణవేణిది.

తొమ్మిదవ తరగతిలో బడి మానిపింపబడినదియు, బిడ్డ తుమ్మినచో జ్వరమని, తుమ్మకున్నచో జలుబు లోపల దిగినదని బెంగపడునదియు, భర్త విత్తనాలమ్ముటకు మాచర్ల వైపు పోయియుండగా ఇంట తన పక్షమున పలుకు దిక్కులేనిదియు అగు ఆ వీరమాత, ఊయల తాడు కాలిబొటనవ్రేలికి కట్టుకొని, ఒక్కొక్క మీటను వెదకి వెదకి పొడుచుచు, బెల్లంకొండ, గురజాల, రొంపిచెర్ల రైతుల పేర్లను ఇంగ్లీషున ఎక్కించుచుండెను. బస్సులపై పోవు విత్తనాల సంచులకు అంటించు చీటీల కొరకు ఆ పేర్లు. తెగిన చదువునకు ఆ గంటయే ముడి.

కాని ఏమి చెప్పుదును. ఊళ్లవారీగా వరుసలో నిలువుడని ఆమె ఆజ్ఞాపించినచో, కుక్కరు కూసి, పప్పు దిగి, పోపు పడి, పిల్లవాడు పక్క తడిపి, ఆ బట్ట ఉతికి దండెమున వేసినను, ఆ యంత్రరాజము చెయ్యెత్తిన ప్రతివానికొరకు ఆగు పల్లెబస్సు వలె గురజాల దాటి రొంపిచెర్ల చేరకుండెను. అదే ఆజ్ఞ సందెవేళ నాగభూషణరావు జారీచేసినచో, ఆయన పీల్చిన ముక్కుపొడికి తుమ్ము వచ్చులోపలనే పని ముగియుచుండెను.

"మిషను బానే ఉందమ్మాయ్. నీ చెయ్యే స్లో," అని ఆయన తీర్పు చెప్పెను.

"చెయ్యి స్లో అయితే టైపు లేటవ్వాలిగానీ బావగారూ, వరస పెట్టేది అదేగదా."

"దాంతో వాదనేంది. నువ్వు ముట్టుకుంటే అది బెదురుతంది. రేపు సందేళకల్లా గదికి తాళం ఏస్తా. పిల్లోణ్ణి చూసుకో, చాలు."

అంతట ఆ సాధ్వి, కొలిమిలో కాగిన గునపము వలె ఎఱ్ఱబారి, "ఓయీ లోహకవచా! నీ మాంద్యమునకు మూలమెయ్యది? నా హస్తమా, నీ హృదయమా? రేపటి సూర్యాస్తమయములోపల ఆ మూలమును పెకలింపకున్నచో నేను ఈ బిడ్డకు తల్లిని కాను" అని మనసులో ప్రతిజ్ఞ గావించి, ఆ చివరిమాట బిడ్డకు తగులునేమోనని వెంటనే చెంపలు వేసికొని, పైకి మాత్రము "అట్టాగే బావగారూ" అనెను.

మరునాటి మధ్యాహ్నము పక్కవీధి రేడియో మెకానికు జిలానీకి కబురంపెను. టెస్టరు ఖడ్గధారియై ఏతెంచిన ఆ వీరుడు యంత్రము చుట్టును ప్రదక్షిణము చేసి, ప్లగ్గును పొడిచి చూచి, నిట్టూర్చెను.

"ఓల్టేజి డల్లక్కా. ఎండలకి ఊళ్లో ఫ్యాన్లన్నీ కరెంటు తాగేస్తన్నయ్. దీనికేం మిగుల్తది."

"ఫ్యాను బానే తిరుగుతందిగా అన్నా."

జిలానీ తలయెత్తి ఫ్యానును పరికించి, "ఫ్యానుకి బుద్ధుండదక్కా, ఎంతొస్తే అంత తింటది. ఇది సుకుమారం," అనెను.

అంతలో కృష్ణవేణి అత్తగారు గురవమ్మ, అది నరదృష్టియే యని తేల్చి, ఎండుమిరపకాయలను యంత్రమునకు ముమ్మారు దిగదుడిచి నిప్పులపై వేసెను. పల్నాటి మిరప పొగ గదినెల్ల ఆక్రమింపగా అందరును దగ్గి దగ్గి కన్నీరు కార్చిరి. యంత్రమొక్కటియే నిర్వికారముగా గురజాలలో నిలిచియుండెను. కన్నులు తుడుచుకొనుచు జిలానీ దాని మొగమును సమీపమున చూచెను.

"ఈ రెండో మీట పక్కన బుడ్డ బల్బొకటుందే. మాడిపోయినట్టుందక్కా."

"మాడలేదన్నా. సందేళప్పుడు పసుప్పచ్చగా ఎలుగుతది," అనినదే తడవుగా ఆమె మాట ఆమెకే బాణమై తగిలెను. సందెవేళ వెలుగును, సందెవేళ పరుగెత్తును. పగలు వెలుగదు, పగలు ప్రాకును. నొక్కి చూతునా యని వ్రేలు చాపగా జిలానీ అడ్డుపడి, "తెలీని మీట నొక్కమాకక్కా. ఏదన్నా అయితే మీ బావగారు నిన్నూ నన్నూ కలిపి ఉతుకుతాడు," అనెను. ఆమె వ్రేలు ముడుచుకొని అత్తగారి వంక తిరిగెను.

"అత్తయ్యా, ఈ మిషను దీపం పగలు మీరేమన్నా ఆర్పుతున్నారా?"

గురవమ్మ కన్నులు రక్తవర్ణములాయెను. మిరప పొగయు కొంత కారణము. "దీపం ఆర్పటమా. ఆ మాటే నా నోట రాదు, ఆ పని నా చేత్తో చేస్తానంటే? పిల్లతల్లివి, అనాల్సిన మాటేనా అది."

సాక్ష్యము తేలలేదు. కృష్ణవేణి బిడ్డను చంకనిడుకొని, వాని నోట గిలక పెట్టి, గది తెరచాటున మాటువేసెను. పడమట సూర్యుడు దిగెను. గురవమ్మ దేవుని యెదుట దీపము పెట్టెను, తులసి కడ పెట్టెను, గడపకు మ్రొక్కెను. ఆపై మెల్లగా వీధి గదిలోనికి వచ్చి, యంత్రపు రెండవ మీటను ఉంగరపు వ్రేలితో నొక్కెను. జొన్నగింజయంత పసుపు దీపము వెలిగెను. ఆమె దానికి చేతులు జోడించి కన్నుల కద్దుకొనెను. సరిగా అప్పుడే, అరచేయంత తాళముకప్పతో నాగభూషణరావు గడపపై అడుగిడెను. కృష్ణవేణి తెర తొలగించెను.

"అత్తయ్యా, పొద్దున దీన్ని తీసేసింది మీరేగా?"

"తియ్యకపోతే? పట్టపగలు దీపం ఎలుగుతా ఉంటే ఇంటికి మంచిదంటే? పొద్దున కొండెక్కిస్తా, సందేళ ఎలిగిస్తా. మిషనొచ్చిన కాణ్ణుంచీ నేనే చూసుకుంటన్నా. మీకెవరికన్నా ఆ ధ్యాసుందా?"

"మరి ఆర్పలేదన్నారు?"

"ఆర్పలేదే. కొండెక్కించా."

జనులారా, ఆమె అసత్యమాడలేదు. దీపము విషయమున ఆ రెండు మాటలకు నడుమ ఎంత దూరమో మన పెద్దల నడుగుడు. ఆ దూరమునందే ఒక కోడలి చేయి దోషియై నిలిచెను.

నమ్మని నాగభూషణరావు తానే మీట నొక్కి దీపము తీసి, పేర్లను వరుస పెట్టుమనెను. పొడి పీల్చెను. తుమ్మెను. మరల పీల్చెను. మరల తుమ్మెను. యంత్రము బెల్లంకొండ పొలిమేర దాటలేదు. కృష్ణవేణి చంకలోని బిడ్డతో, "చూశావంట్రా బుడ్డోడా, పెదనాన్న చెయ్యీ స్లోనే," అని మెల్లగా, అందరికి వినబడునట్లు అనెను. ఆ మీట యంత్రపు వేగమునకు పగ్గము, దీపము దాని గుర్తు; దీపము మరల వెలిగించినంతనే పేర్లన్నియు దబదబ వరుసకట్టెను.

ఓడిన యోధుడు గడ్డము గోకికొని, "సరే, తప్పు చేతిది కాదు," అనెను. "కానీ పగలు అమ్మ ఎలగనియ్యదు. ఎలగందే ఇది కదలదు. ఇంక పగలు నీకు దీంతో పనేంది? తాళం తాళమే."

గురవమ్మ, "అవును, పగలు దీపం ఎలగటానికి నేనొప్పను," అనెను. గెలిచిన యుద్ధము చేజారుచుండెను. గొళ్లెము కదలెను. బిడ్డ గిలక విడిచి ఏడ్పునకు నోరు తెరచెను. అప్పుడు కృష్ణవేణి నాలుకపై ఏ దేవత నిలిచెనో గాని, ఆమె తన బ్రహ్మాస్త్రమును సంధించెను.

"అత్తయ్యా, అది మామూలు దీపం కాదు. అఖండం."

గురవమ్మ నిలుచున్నచోటనే నిశ్చేష్టితయాయెను. "అఖండమా?"

"నూనె లేదు, ఒత్తి లేదు, ఫ్యాను గాలికి అల్లాడదు. ఇంకేందనుకున్నారు?"

"ముందే చెప్పొద్దంటే. అఖండాన్నా ఇన్నాళ్లూ కొండెక్కించింది నేను," అని ఆ ఇల్లాలు చెంపలు వాయించుకొని, కుమారుని చేతిలోని తాళముకప్పను లాగుకొనెను. "అఖండం ఎలిగే గదికి తాళమేందిరా భూషణం? పగటిపూట ఇంటి ఆడది పోయి చూసుకోవద్దా? ఏమే అమ్మాయ్, రేపట్నించి మజ్జాన్నమే కాదు, పొద్దున కూడా కూసో. పిల్లోణ్ణి నేనెత్తుకుంటా."

"అమ్మా, పడుకునేటప్పుడు మిషను కట్టెయ్యాలిగా."

"కట్టెయ్యి, చూస్తా."

ఆయన కట్టలేదు. కప్పుటకు తీసిన పట్టుచీరను మడిచి, చంకలో పెట్టుకొని, అన్నమునకు పోయెను.

ఇట్లు మరునాటి పట్టపగలు, జొన్నగింజయంత జ్యోతి సాక్షిగా, పిల్లవాడు ఆవలింతకు తెరచిన నోరు మూయులోపల, బెల్లంకొండ మొదలు రొంపిచెర్ల వరకు గల సమస్త రైతులును అక్షరక్రమమున బారులుతీరి కృష్ణవేణికి దాసోహమనిరి. ఆ వీరమాత కీర్తి, కరెంటు ఉన్నంతసేపును, అఖండము.