ఎర్ర కార్డు వెనక

ఆ రోజు ప్రొఫెసర్ గారి పథకం చాలా చిన్నది. పది గంటలకు సచివాలయానికి వెళ్లడం, బడిపిల్లలకు ఉచిత బస్సుల నివేదిక మీద ఆర్థికశాఖ అధికారి చేత సంతకం పెట్టించడం, వస్తూ వస్తూ సబ్బులు కొనడం. మూడేళ్ల చాకిరీ ఆ ఒక్క సంతకం మీదే ఉంది. అది పడకపోతే నివేదిక బీరువాలోకి పోతుంది, పిల్లలు ఎప్పటిలాగే కాళ్లీడ్చుకుంటూ బడికి పోతారు.

ఆయన వారమంతా ఎకనామిక్స్ పాఠాలు చెబుతారు. ప్రభుత్వం పిలిస్తే సలహాలు చెబుతారు. ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు రిఫరీగా ఈల వేస్తారు. మంచి ఆలోచనలన్నీ ఆయనకు హాఫ్ టైములోనే వస్తాయి. అప్పుడు జేబులో ఉండేవి ఆటగాణ్ణి హెచ్చరించే పసుపు కార్డు, బయటికి పంపేసే ఎర్ర కార్డే కాబట్టి వాటి వెనకే రాసుకుంటారు. నిన్న కూడా వాదనంతా పసుపు కార్డు వెనక ఎక్కించారు.

"మీరు మాట్లాడితే కాదనేవాడు ఇంకా పుట్టలేదు గానీ, కళ్లజోడు పెట్టుకున్నారా?" అంది భార్య గుమ్మంలో.

"పెట్టుకున్నా, పెట్టుకున్నా."

కళ్లజోడు టీవీ పక్కన ఉంది.

కమిటీ సమావేశంలో ఆర్థికశాఖ అధికారి మొదటి పేజీ దగ్గరే అడ్డు తగిలాడు. "చెప్పడానికి బాగానే ఉంటుందండీ. బస్సులెక్కణ్ణించి తెస్తాం?"

జవాబు కోసం ప్రొఫెసర్ గారు పసుపు కార్డు తీశారు. దగ్గర పెట్టుకుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. చెయ్యి బారెడు చాచి, వెలుతురు కోసం కాస్త పైకెత్తారు. కార్డు సరిగ్గా అధికారి ముక్కుకి ఎదురుగా వచ్చింది. అధికారి నోరు టక్కున మూతపడింది.

"కానివ్వండి," అన్నాడు చైర్మన్, సంగతి అర్థం కాకపోయినా.

మూడో అంశం దగ్గర అధికారి తేరుకున్నాడు. "అయినా పిల్లలు నాలుగడుగులు నడిస్తే అరిగిపోతారా?" అంటూ లేచాడు. నాలుగో అంశం రెండో కార్డు మీద ఉందనుకుని ప్రొఫెసర్ గారు జేబు తడిమి, మళ్లీ చెయ్యి చాచి ఎర్ర కార్డు ఎత్తారు. 'రెండు సబ్బులు, ఒక చీపురు' అని భార్య చేతిరాత కనిపించింది. తలెత్తేసరికి అధికారి లేడు. ఫైలు పట్టుకుని, తలొంచుకుని బయటికి నడిచిపోయాడు.

ఉద్యోగంలోంచి తీసేశారనుకుని అటెండర్ అధికారి కుర్చీ కూడా వరండాలో పెట్టేశాడు. ప్రొఫెసర్ గారి జేబులో ఇంకా ఏ రంగుందోనని మిగతా సభ్యులు గబగబా సంతకాలు పెట్టేశారు. కావలసిన సంతకం మాత్రం వరండాలోకి వెళ్లిపోయింది. ప్రొఫెసర్ గారు ఆ వయసులో కూడా పరుగు తీశారు.

"బాబూ, పొరపాటైపోయింది. కళ్లజోడు మర్చిపోయి..."

అధికారి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "పొరపాటు నాది మాస్టారూ. మీకు గుర్తుండదు. ఇరవయ్యేళ్ల కిందట యూనివర్సిటీ ఫైనల్లో మీరే నన్ను బయటికి పంపారు. మీ క్లాసులో వాణ్ణని కూడా చూళ్లేదు. ఇందాక మీ చేతిలో ఎర్రది కనపడగానే కాళ్లు వాటంతటవే కదిలాయి. ఇక్కడ కూర్చుని నివేదిక చివరిదాకా ఇప్పుడే తిరగేశాను. అప్పుడూ ఫౌల్ నాదే, ఇప్పుడూ నాదే."

సంతకం పెట్టిన ఫైలు చేతికిచ్చాడు. "ఆ కార్డు నాకిచ్చెయ్యండి. మా మాస్టారిదని పిల్లలకి చూపించుకుంటాను."

తన శిష్యుడు ఇంతవాడయ్యాడన్న గర్వంతో ప్రొఫెసర్ గారు ఎర్ర కార్డు ఇచ్చేశారు.

సాయంత్రం భార్య వీధంతా వినపడేలా ఫోన్లో చెల్లెలికి చెప్పింది. "మా ఆయన చెయ్యెత్తితే చాలే, ప్రభుత్వం సంతకం పెట్టేస్తుంది." ఫోన్ పెట్టేసి సంచీలోకి చూసింది. "సబ్బులేవీ?"

"ఆ జాబితా ఆర్థికశాఖ దగ్గరుంది," అన్నారు ప్రొఫెసర్ గారు.